అత్తగారి మొక్కు, పాప ఫొటోలు

తొమాసా గుడ్డు పగలగొట్టి గ్లాసు నీళ్లలో వేసింది. మంచం చుట్టూ ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టారు. బిగబట్టనిది పాప ఒక్కతే. పొద్దున్న పదకొండున్నరకి అందుకున్న ఏడుపు మధ్యాహ్నం మూడైనా దించలేదు.

పచ్చసొన అడుక్కి దిగింది. తెల్లసొన దారాలు దారాలుగా పైకి లేచి, ఒకచోట గుండ్రంగా ముద్దకట్టి, మధ్యలో ఓ బుడగని నిలబెట్టుకుంది.

"కన్ను," అంది తొమాసా. "చూడు వదినా, కనుపాపతో సహా."

వదిన ఎదువీహెస్ కళ్లజోడు ముక్కు మీదకి దింపుకుని చూసింది. ఆ ఇంటికి పెద్దదిక్కు ఆవిడే. తొమాసా పక్కింటి మనిషి, గుడ్డుతో దిష్టి తియ్యడంలో ఆ పేటకంతటికీ పేరున్న మనిషి. ఆ గుడ్డుని పాప తల నుంచి కాళ్లదాకా మూడుసార్లు తిప్పిందీ తొమాసాయే. నిజానికి అది నాయనమ్మ చెయ్యాల్సిన పని.

"నాకు తెలుసు," అంది ఎదువీహెస్. "ఆ కెమెరా పిల్ల గుమ్మం దాటిన నిమిషం నుంచీ నాకు తెలుసు."

పురిటి మంచం మీద అరసెలి కళ్లు మూసుకుంది. కెమెరా పిల్ల అంటే ఆమె సొంత అక్క యెసేనియా.

"అత్తయ్యా, ఇందాకే డాక్టరుగారి నర్సుతో మాట్లాడాం కదా. జ్వరం లేదు, పాలు తాగుతోంది, గ్యాసు అయ్యుంటుంది అంది."

"గ్యాసు పొయ్యిలో ఉంటుంది," అంది అత్తగారు. "నా మనవరాలి కడుపులో ఎందుకుంటుంది?"

నా మనవరాలు. ఆ మాట ఆవిడ రోజుకి పదిసార్లు అంటుంది. అన్నప్పుడల్లా అరసెలి మొహం తిప్పుకుంటుంది. ఎందుకంటే పుట్టి పన్నెండు రోజులైనా ఆ మనవరాలిని ఆవిడ ఒక్కసారీ ఎత్తుకోలేదు.

బాలింతకి చెయ్యాల్సినవన్నీ చేస్తుంది. కోడి చారు కాస్తుంది. మొక్కజొన్న జావలో దాల్చినచెక్క వేసి రోజుకి మూడు లోటాలు దగ్గరుండి తాగిస్తుంది. నడుముకి గుడ్డ బిగిస్తుంది, తలకి గుడ్డ చుడుతుంది, చన్నీళ్లు కంటపడనివ్వదు. పాప బట్టలు చేత్తో ఉతికి ఇస్త్రీ కూడా చేస్తుంది. పాప దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముట్టుకోరాదని రాసిపెట్టిన బొమ్మని చూసినట్టు చూస్తుంది.

గొడవంతా పేరు దగ్గర. ఆ ఇంట్లో మొదటి మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టడం నాలుగు తరాల ఆనవాయితీ. ఎదువీహెస్‌కి వాళ్ల నాయనమ్మ పేరు, ఆ నాయనమ్మకి ఆవిడ నాయనమ్మ పేరు. కొడుకూ కోడలూ మాత్రం ఆస్పత్రి కాగితాల మీద బ్రీసా అని రాయించుకుని వచ్చారు. అంటే పిల్లగాలి.

"గాలా?" అంది ఆవిడ ఆ రోజు. "పసిపిల్లకి గాలి సోకకూడదని నలభై రోజులు కిటికీలకి దుప్పట్లు కట్టి నేను చస్తుంటే, పిల్లకి గాలని పేరు పెడతారా? ఇది ఏ పునీతురాలి పేరు? రేపు దానికి దగ్గొస్తే నేను ఎవరికి మొక్కాలి?"

అని ఊరుకోలేదు. గ్వాదలూపే మాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఈ పిల్ల పేరు మార్చేదాకా నా చేతులతో ఎత్తుకోను తల్లీ అని అందరూ వినేలా మొక్కేసింది. ఆవిడ మాట మీద నిలబడే మనిషి. వచ్చిన చిక్కల్లా అదే.

అరసెలికి తల్లి లేదు. అక్కే పెంచి పెద్దచేసింది. పాపకి అమ్మమ్మ అయినా నాయనమ్మ అయినా ఈవిడొక్కతే. ఈవిడ ఒక్కసారి ఆ పాపని గుండెలకి హత్తుకుంటే చూడాలని అరసెలికి ఎంతుందో చెప్పడం కష్టం. అలాగని పేరు వదులుకోవడానికీ మనసొప్పడం లేదు. ఎదువీహెస్ అని పిలుస్తూ పాపకి పాలిస్తుంటే అత్తగారికి పాలిస్తున్నట్టు ఉంటుందని మొగుడితో అంది. అతను నవ్వాడు గానీ ఆమె సరదాకి అనలేదు.

"ఇప్పుడు విషయానికొద్దాం," అంది తొమాసా, చేతులు తుడుచుకుని కుర్చీలో సర్దుకుంటూ. "అరసెలీ, అబద్ధం చెప్పకూడదు. మీ అక్క పాపని పొగిడిందా?"

"పొగిడింది. ఎవరైనా పొగుడుతారుగా."

"ఏమని?"

"ఎంత ముద్దుగా ఉందో అని."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు పిన్నీ."

"పొగిడాక ముట్టుకుందా?"

అరసెలి నసిగింది. పొగిడినవాళ్లు పిల్లని ఒకసారి తాకి వెళ్లాలి, తాకకపోతే ఆ చూపు పిల్ల మీదే ఉండిపోతుంది. ఈ సంగతి ఈ లరేడో ఊళ్లో పాలపీక చీకే పిల్లకి కూడా తెలుసు. యెసేనియాకి తెలియదా?

"ముట్టుకుంది," అంది అరసెలి. "దుప్పటి సర్దినప్పుడు, జారిన టోపీ లాగినప్పుడు."

"గ్లౌజులతో!" అంది అత్తగారు గుమ్మంలోంచి. "తెల్ల గ్లౌజులు! నా కళ్లతో చూశాను."

"వారానికి నాలుగిళ్లలో పసిపిల్లల్ని ఫొటోలు తీస్తుంది అత్తయ్యా. జలుబుల రోజులు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఏమీ మోసుకెళ్లకూడదని వేసుకుంటుంది."

"ఏమీ మోసుకెళ్లలేదుగా. దిష్టిని ఇక్కడే వదిలి వెళ్లింది."

తొమాసా పాప ఎడమ చేతి మణికట్టు తిప్పి చూసి, ఒక్కసారి వెనక్కి వాలింది. "వదినా! దారం ఏదీ?"

ఎర్రదారానికి గుచ్చిన జింకకన్ను గింజ, దిష్టికి అడ్డు. పాప పుట్టిన రోజే నాయనమ్మ కట్టించింది. తను ముట్టుకోకూడదు కాబట్టి కొడుకు చేత కట్టించి, ముడి ఎలా వెయ్యాలో దూరం నుంచి చెప్పింది. ఇప్పుడా మణికట్టు బోసిగా ఉంది.

"దారం ఎరుపు ఫొటోల్లో పాప బుగ్గమీద పడుతోందని అక్క విప్పింది," అంది అరసెలి చిన్నగా. "మళ్లీ కడతానంది. ఈలోగా మీరు వెళ్లగొట్టారు."

అది నిజమే. యెసేనియా పిల్లల్ని ఎటూ మడిచి కూర్చోబెట్టదు, బుట్టల్లో పెట్టదు, చెవులున్న టోపీలు పెట్టదు. ఇంట్లో ఎలా ఉంటే అలాగే తీస్తుంది. ఓ మూల కూర్చుని, అమ్మా పాపా తనని మర్చిపోయేదాకా ఆగుతుంది. ఆమె అడిగేది ఒక్కటే, కిటికీ వెలుగు. ఆ వెలుగు కోసం కిటికీకి కట్టిన దుప్పటి ఒకటి దింపింది. గంటసేపు గుమ్మంలో నిలబడి గొణిగిన అత్తగారు చివరికి గట్టిగానే అరిచింది. పాపని నిద్రపుచ్చడానికి యెసేనియా తెచ్చిన చిన్న మిషను ష్ ష్ అంటూ ఉంటుంది. అది తన నోరే మూయిస్తోందని అత్తగారికి మరింత కోపం వచ్చింది. మిషనుతో సహా అక్కని బయటికి పంపేసింది.

"అయితే చెయ్యాల్సింది ఒక్కటే," అంది తొమాసా. "ఆ పిల్ల రావాలి. ఉత్త చేతులతో పాపని తాకాలి."

"రమ్మను," అంది ఎదువీహెస్. "నేను మాత్రం పిలవను."

పిలిచే పని అరసెలి మొగుడు రొహేలియో మీద పడింది. సరిహద్దు వంతెన దగ్గర సరుకు లారీల కాగితాలు చూసే ఉద్యోగం అతనిది. రెండు దేశాల డ్రైవర్లనీ ఒక మాట మీదకి తెస్తాడని ఆఫీసులో పేరు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య మాత్రం అతనికి నోరు పెగలదు.

"నేను పిలవట్లేదని చెప్పు," అంది తల్లి వెనక నుంచి.

"అమ్మ నిన్ను పిలవట్లేదు వదినా," అన్నాడు అతను ఫోనులో.

"మంచిది," అంది యెసేనియా గొంతు. "నేనూ రావట్లేదు."

"కానీ నువ్వు రావాలి."

"రమ్మన్నది ఎవరు?"

రొహేలియో తల్లి వైపు చూశాడు. తల్లి గోడ వైపు చూసింది. అతను ఇంకేం చెయ్యాలో తోచక ఫోను పాప నోటి దగ్గర పెట్టాడు. పాప ఏమాత్రం మొహమాటపడలేదు.

అవతల గొంతు మారిపోయింది. "ఎప్పట్నుంచి ఇలా ఏడుస్తోంది?"

"నువ్వు వెళ్లినప్పట్నుంచీ."

"వెళ్లానా? తోసేశారు!" ఒక్క క్షణం ఆగింది. "బయల్దేరుతున్నా. రైలుగేటు పడకపోతే ఇరవై నిమిషాలు."

గేటు పడింది. గూడ్సుబండి ఊరి మధ్యలో ఆగిపోయి అరగంట కదల్లేదట. ఆ లోగా అందరూ వంతులవారీగా పాపని సముదాయించారు. రొహేలియో, తొమాసా, మంచం మీదే అరసెలి, మళ్లీ రొహేలియో. వంతు తీసుకోనిది ఒక్కరే. ఆవిడ పక్కనే నడుస్తూ, తల జాగ్రత్త, మెడ జాగ్రత్త, అలా ఊపకు అంటూ గది ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగింది. ఏడుపు పెరిగినప్పుడల్లా ఆవిడ చేతులు వెనకనుంచి ముందుకి రాబోవడం, మళ్లీ వెనక్కి పోవడం అరసెలి చూసింది. చూసి జాలీ వేసింది, ఒళ్లూ మండింది.

యెసేనియా వచ్చి జాలీ తలుపు అవతలే నిలబడింది. భుజాన బరువైన సంచీ, మొహాన చెమట.

"లోపలికి రావచ్చా? లేక ఇక్కణ్నుంచే చెయ్యి చాపమంటారా?"

"రమ్మని చెప్పు," అంది ఎదువీహెస్ తొమాసాతో.

"రమ్మంటోంది," అంది తొమాసా, అందరూ ఒకే గదిలో ఉన్నా.

"ముందు దారం," అంది ఎదువీహెస్, ఈసారి నేరుగా. "దొంగసొత్తు దించు."

"దొంగసొత్తేంటండీ! బ్యాటరీల జేబులో భద్రంగా పెట్టాను." యెసేనియా సంచీ తెచ్చి మంచం మీద బోర్లించింది. బ్యాటరీలు, చార్జర్లు, తడి తువ్వాళ్లు, పెదాలకి రాసుకునే వాజలీను డబ్బా, సగం తిన్న చాక్లెట్టు, ష్ ష్ మిషను. వాటి మధ్యలో ఎర్రదారం. దాని పక్కన ఇంకో ఎర్రదారం. దిండు కిందకి దొర్లినది మూడోది.

తొమాసా వేలితో లెక్కపెట్టింది.

"మూడు," అంది తొమాసా.

యెసేనియా చెవులు ఎర్రబడ్డాయి. "మంగళవారం హెరార్దో వాళ్లింట్లో తీశాను... బుధవారం స్కూలు వెనక ఇంట్లో కవలల్లో ఒకడిది..."

"తల్లీ!" తొమాసా నుదుటి మీద శిలువ గుర్తు వేసుకుంది. "ఇంకో ఇద్దరు పసివాళ్లు ఊళ్లో ఏ అడ్డూ లేకుండా పడున్నారు! ఎవరి ఇంట్లో ఏం గుడ్లు పగులుతున్నాయో!"

"ఫోన్ చేసి చెప్తాను పిన్నీ. ఈరోజే ఇచ్చేస్తాను."

"ఇందులో మనది ఏది?" అన్నాడు రొహేలియో. మూడూ ఒకే కొట్లో కొన్నట్టున్నాయి.

"ముడి చూస్తే తెలీదా?" అని అతని తల్లి ఒకదాన్ని తీసి అందించింది. "దూరం నుంచి చెప్పినా సరిగ్గానే వేశావు."

దారం కట్టారు. పాప ఆ చేతినే ఝాడించి ఏడ్చింది. ఇక అసలు పని. యెసేనియా వంటింటి సింకులో రెండు నిమిషాలు చేతులు కడుక్కుని వచ్చి, వంగి, పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టింది.

పాప ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

"ప్రేమగా పెట్టు," అంది తొమాసా. "రొట్టె కాలిందో లేదో చూసినట్టు పెడితే ఏం లాభం?"

"ప్రేమగానే పెట్టాను! నా చెల్లెలి కూతురది, నాకు ప్రేమ లేదా?"

"బుగ్గ మీద పెట్టి చూడు. ముద్దుగా ఉన్నావమ్మా అని మళ్లీ అను. అన్నవాటికల్లా తాకాలి."

యెసేనియా బుగ్గ తాకింది, పొట్ట తాకింది, రెండు పాదాలూ పట్టుకుంది. ముద్దుగా ఉన్నావే, బంగారంలా ఉన్నావే అని తాకిన చోటల్లా అంది. పాప నీలంగా మారేంతసేపు ఊపిరి బిగబట్టి మళ్లీ మొదటినుంచి అందుకుంది.

"అబద్ధంగా తాకుతోంది," అంది ఎదువీహెస్ గుమ్మంలోంచి.

యెసేనియా నిటారుగా లేచింది. అక్కకి కోపం వస్తే కింది పెదవి కొరుక్కుంటుందని అరసెలికి తెలుసు. ఇప్పుడు రెండు పెదవులూ కొరుక్కుంది.

"అత్తయ్యగారూ, నేనొక మాట చెప్తాను. గంటంతా నేను పాపని సరిగ్గా చూడనేలేదు. నా పనిలో అంత తీరిక ఎక్కడిది? వెలుగు చూసుకోవాలి, నీడ చూసుకోవాలి, దుప్పటి ముడతలు చూసుకోవాలి. కళ్లార్పకుండా చూసినవాళ్లు వేరే ఉన్నారు."

"ఎవరు?"

"నా నోటితో ఎందుకు చెప్పాలి? మీరే చూడండి."

ఆమె కెమెరా వెనక తెర వెలిగించి తొమాసా చేతిలో పెట్టింది. తొమాసా కళ్లజోడు సరిచేసుకుంది. అరసెలి దిండు మీద ఓ మోచెయ్యి ఆనించి వంగి చూసింది.

మొదటి ఫొటోలో అరసెలి పాప తల నిమురుతోంది. చాలా బాగుంది. తన మొహం ఇంత అందంగా ఉంటుందని అరసెలికే తెలియదు. కానీ వెనక గుమ్మంలో మరో మొహం. కిటికీ దుప్పటి దించినప్పుడు మంచం మీద పడిన వెలుగే నేరుగా పోయి ఎదురు గుమ్మం మీదా పడింది. అక్కడ ఎదువీహెస్ నిలబడి ఉంది. చేతులు వెనక్కి. కళ్లు పాప మీద.

తొమాసా తరవాతది నొక్కింది. పాప ఆవలిస్తోంది. గుమ్మంలో ఎదువీహెస్. పాపతో పాటు ఆవిడ నోరూ తెరుచుకుని ఉంది.

తరవాతది. పాప పాదాలు. మూలన ఎదువీహెస్.

"ఇవి అన్నీ ఇంతేనా?" అంది తొమాసా.

"రెండువందల పద్నాలుగు," అంది యెసేనియా. "అన్నీ కూర్చుని కత్తిరించుకోవాలి. ఆవిడ లేని ఫొటో ఒక్కటుంది. అందులో పాప కూడా లేదు, వెలుగు చూసుకోవడానికి గోడని తీశాను."

అరసెలి ఆ తెర మీంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. గంటసేపు వెనక నుంచి గొణుగుడు వినపడుతుంటే అత్తగారు చిరాగ్గా చూస్తోందనే అనుకుంది. ఈ మొహంలో చిరాకు ఎక్కడా లేదు. మిఠాయికొట్టు అద్దానికి ముక్కు ఆనించిన పిల్ల మొహంలా ఉంది. అరసెలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పన్నెండు రోజులుగా తను ఏది లేదనుకుందో అది ఇక్కడ ఇంత పచ్చిగా కనబడుతోంది.

తొమాసా మాత్రం చలించలేదు. ఆవిడ వైద్యురాలి హోదాలో ఉంది.

"వదినా," అంది కెమెరా దించి. "కన్ను నీదే."

"నాదా!"

"నువ్వు రెప్ప వెయ్యలేదు. నలభై ఫొటోలు చూశాను, ఒక్కదాంట్లోనూ నీ కళ్లు మూసుకుని లేవు."

"నేను కాపలా కాస్తున్నాను! కిటికీ తెరిచి పడేసింది కదా ఈవిడ!"

"కాపలా కాసేవాళ్లు కిటికీని చూస్తారు. నువ్వు పాపని చూశావు."

"సొంత రక్తం చూపు తగులుతుందా ఎక్కడైనా?"

"సొంత రక్తం చూపే అన్నిటికంటే బరువని నా మనవడి విషయంలో నువ్వే అన్నావు. మా ఆయన వాణ్ని చూడ్డం మానాలని కూడా అన్నావు. పాపం, ఆయన నెలరోజులు గోడకేసి తిరిగి కాఫీ తాగాడు."

ఎదువీహెస్ నోరు తెరిచి మూసింది. ఆ ఇంట్లో కాపరానికొచ్చాక అరసెలి అలాంటిది చూడటం అదే మొదటిసారి.

"చూశావు," అంది తొమాసా. "మనసులో పొగుడుకున్నావు. పన్నెండు రోజులుగా చూస్తున్నావు, పొగుడుకుంటున్నావు. ముట్టుకోలేదు. ఇంక పిల్ల ఏడవక ఏం చేస్తుంది?"

రొహేలియో తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, చివరికి గ్లాసులో గుడ్డుని చూశాడు.

"నేను మొక్కుకున్నాను," అంది ఎదువీహెస్. గొంతు తగ్గింది. "మాతకి ఇచ్చిన మాట."

"ఏమని ఇచ్చావు? అక్షరం పొల్లుపోకుండా చెప్పు."

"ఈ పిల్ల పేరు మార్చేదాకా నా చేతులతో ఎత్తుకోను తల్లీ, అని."

"ఎత్తుకోనన్నావా? ముట్టుకోనన్నావా?"

ఎదువీహెస్ పటం వైపు చూసింది. మాత ఎప్పటిలాగే కిందకి చూస్తోంది. "ఎత్తుకోననే అన్నాను," అంది మెల్లగా.

"మరింకేం? వేలు పెట్టు."

ఆవిడ మంచం దగ్గరికి వచ్చింది. గుమ్మం నుంచి మంచానికి నాలుగడుగులు. అరసెలి పాపని రెండు చేతుల మీదా పైకి పట్టుకుంది. అత్తగారు కుడిచేతి చూపుడువేలు కట్టుకున్న వంట అప్రను అంచుకి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది, పాప నుదుటి మీద ఆనించింది.

ఏడుపు సగంలో ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు చేస్తుందని అందరికీ అప్పుడే తెలిసింది.

"చూశావా!" అంది తొమాసా.

ఎదువీహెస్ వేలు తీసింది. పాప ఏడుపు అందుకుంది. వేలు పెట్టింది, ఆగింది. తీసింది, అందుకుంది. మూడోసారికి యెసేనియా కూడా శిలువ గుర్తు వేసుకుంది.

"తియ్యకండి అత్తయ్యా," అంది అరసెలి.

"ఎంతసేపని వంగుంటాను? నా నడుము ఇనుముదా?"

రొహేలియో కుర్చీ తెచ్చి వెనకే పెట్టాడు. ఆవిడ వేలు కదపకుండా కూర్చుంది. కుర్చీ కిందకి, పాప పైకి అయ్యింది. వేలు అందటం లేదు. అప్పుడు అరసెలి బాలింత పద్ధతులన్నీ పక్కనపెట్టి మంచం దిగింది. చెప్పులు లేకుండా గచ్చు మీద నడిచింది. పాపని తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పడుకోబెట్టింది.

"మీరు ఎత్తుకోలేదు," అంది. "నేను పడుకోబెట్టాను."

ఎదువీహెస్ రెండు చేతులూ గబుక్కున గాల్లోకి లేపేసింది, పోలీసులు తుపాకీ చూపించినట్టు. తొమాసా వైపు చూసింది. తొమాసా గంభీరంగా తల ఊపింది. ఈలోగా పాప ఒళ్లోంచి ఓ పక్కకి జారబోయింది.

ఆ చేతులకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒకటి మెడ కిందకి, ఒకటి నడుము కిందకి వాటంతట అవే దిగి వచ్చాయి. పాప నాయనమ్మ మోచేతి వంపులోకి సర్దుకుంది. పదకొండున్నర నుంచి పడిన కష్టమంతా ఒక్క నిట్టూర్పుతో వదిలేసింది.

యెసేనియా చెయ్యి కెమెరా మీదకి పోయింది. అరసెలి కళ్లతోనే వద్దంది.

కాసేపటికి పాప తల తిప్పి అప్రను జేబుని చీకడం మొదలుపెట్టింది.

"ఆకలేస్తోంది. ఇలా ఇవ్వండి అత్తయ్యా," అంటూ అరసెలి చేతులు చాపింది.

అత్తగారు ఇవ్వలేదు. "ఇస్తే మళ్లీ నేను ఎత్తుకోకూడదు," అంది. చిన్నపిల్ల ఫిర్యాదులా ఉంది ఆ మాట. "నా అంతట నేను తీసుకుంటే మాట తప్పినట్టు. ఇది ఒళ్లో ఉన్నంతసేపే."

అరసెలి నిలబడిపోయింది. పేరు మారుస్తానని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె అనలేదు. కుర్చీలో అత్తగారి పక్కన ఉన్న జానెడు జాగా చూసింది.

"కాస్త జరగండి," అంది.

ఆవిడ జరిగింది. అరసెలి ఆ కుర్చీలోనే ఇరుక్కుని కూర్చుని, భుజం అత్తగారి భుజానికి ఆనించి, పాపని ఆ ఒళ్లోంచి కదపకుండానే రొమ్ము అందించింది. కుర్చీ కిర్రుమంది. రొహేలియో చారు మాడుతోందేమో చూసొస్తానని వంటింట్లోకి పోయి, గరిటెతో తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పాప ఆబగా తాగుతోంది. గుటకల చప్పుడు గదంతా వినబడుతోంది. అత్తగారి మొహం అరసెలి మొహానికి బెత్తెడు దూరంలో ఉంది. పొద్దుటి ఫొటోల్లో ఉన్న మొహమే.

"మెల్లిగా, మెల్లిగా తాగు బ్రీసా," అంది ఎదువీహెస్. "ఎవరూ లాక్కోరు."

అరసెలి కదల్లేదు. అక్క కళ్లు పెద్దవి కావడం చూసింది. గుమ్మంలో మొగుడు గరిటె పట్టుకుని అలాగే బిగుసుకుపోవడం చూసింది. అత్తగారు మాత్రం ఏమన్నదో తనే వినలేదు. పాప చెవి వెనక ఎండిన పాలచారని బొటనవేలితో తుడుస్తోంది.

ఎవరూ ఏమీ అనకపోతే బాగుండు. గుర్తుచెయ్యకపోతే బాగుండు. ఒక్క గంట, ఈ ఒక్క గంట ఎవరూ నోరు విప్పకుండా ఉంటే ఆ పేరు ఆవిడ నోటికి అలవాటైపోతుంది. అరసెలి మాత పటం వైపు చూసి, జీవితంలో ఏనాడూ అడగనంత గట్టిగా అదే అడిగింది.

మంచం అవతల తొమాసా నోరు తెరిచింది.